ఇంట్లో మొక్కకు ఏ ఊరి పంచాంగం?

ఇంట్లో పెంచుకునే ఆకుమొక్కల గురించి తెలుగులో తిరుగుతున్న సలహాలలో చాలా భాగం చలిదేశాల ఇళ్ళ కోసం పుట్టినవే. డిసెంబరు వచ్చిందంటే నీళ్ళు తగ్గించమంటారు, ఎరువు ఆపమంటారు, హీటరు పక్కన పెట్టవద్దంటారు, వెలుతురు కావాలంటే దక్షిణపు కిటికీ దగ్గరికి జరపమంటారు, వేసవి రాగానే కుండీ మార్చి కడుపునిండా ఎరువు వేయమంటారు. నెల్లూరులో ఈ పద్ధతిని పొల్లుపోకుండా పాటించిన తరువాత కూడా మొక్క మే నెల దాటి బతికిందంటే ఆ గొప్పతనం మొక్కదే. మన దగ్గర వీటికి విశ్రాంతికాలం రోహిణి కార్తె చుట్టూ వస్తుంది. వీటిని ఎక్కువగా దెబ్బతీసేవి పడమటి గాలి, బోరు నీళ్ళు. ఈ రెండింటి సంగతి చూసుకుంటే మిగిలిన సంరక్షణ చాలావరకు సులువేనని నా వాదన.

ముందు ఇవి ఎక్కడి మొక్కలో చూద్దాం. మనీప్లాంట్ పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మోరియా దీవిది. మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న తడి అడవులది. కలేథియాలలో పేరున్నవి చాలావరకు బ్రెజిల్ వైపువి, అగ్లోనిమాలు ఆగ్నేయాసియావి, జీజీ మొక్క తూర్పు ఆఫ్రికాది, రబ్బరు మొక్క మన ఈశాన్య రాష్ట్రాల నుంచి జావా దాకా పెరిగే మర్రి జాతి చెట్టు. వీటిలో చాలావాటికి అలవాటైన చోటు పెద్ద చెట్ల కింది నీడ. ఆకుల కప్పు దాటి నేలకు చేరే ఎండ అక్కడ నూటికి ఒకటి రెండు వంతులే ఉంటుంది. తమలపాకు తోట చూసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు: అవిశ చెట్ల పలచని నీడ, ఆరిపోని నేల, వేడిగాలి దూరకుండా చుట్టూ కట్టిన దడి, ఇవన్నీ అమర్చితేనే ఆ తీగ ఆకు వేస్తుంది. ఇంట్లోని ఆకుమొక్క కోరేదీ దాదాపు అదే.

పైగా వీటిలో సగానికి సగం మనకు చుట్టాలే. మనీప్లాంట్, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, అగ్లోనిమా, డిఫెన్‌బేకియా అన్నీ కంద, చేమల కుటుంబానికి చెందినవి. తెల్లవారేసరికి చేమాకు కొసన నీటిబొట్టు నిలిచినట్టే మాన్‌స్టెరా ఆకు కొసనా నిలుస్తుంది. రాత్రి వేరు తీసుకున్న నీరు ఎక్కువై ఆకు అంచు నుంచి బయటికి వస్తుందే గాని అది జబ్బు కాదు. కంద కోసేటప్పుడు చేతులకు పుట్టే దురదకు కారణమైన సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఈ మొక్కల ఆకులలోనూ ఉంటాయి గనుక పాకే పిల్లలున్న ఇంట్లో వీటిని చేతికందని ఎత్తున పెట్టాలి. డిఫెన్‌బేకియా ముక్క నమిలితే నోరు, నాలుక వాచి కాసేపు మాట కూడా రాదు.

ఇక ఋతువుల సంగతి. ఈ మొక్కలకు హాయిగా ఉండే వేడి సుమారు 18 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. నెల్లూరులో డిసెంబరు, జనవరి నెలల రాత్రులు 20 డిగ్రీల దగ్గర నిలుస్తాయి, పగళ్ళు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. మన జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్య ఋతుపవనాలతోనే వస్తుంది కాబట్టి గాలిలో తేమకూ లోటుండదు. అంటే చిత్త, స్వాతి కార్తెల నుంచి శివరాత్రి దాకా ఉన్న కాలమే మన ఇంటి మొక్కకు అసలైన పెరుగుదల కాలం. కుండీ మార్చాలన్నా, కొమ్మ కత్తిరించి నాటాలన్నా, ఎరువు వేయాలన్నా ముసురు వదిలి కాస్త వెలుతురు వచ్చిన ఆ రోజులే మేలు. చలికాలం గనుక ఆపమన్న సలహాను వింటే ఏడాదిలో ఉన్న మంచి నెలలన్నీ చేజారిపోతాయి.

ఉగాది దాటాక కథ మారుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా పడమటి నుంచి వచ్చే పొడి గాలి ఊరిని కాలుస్తుంది. మధ్యాహ్నానికి సముద్రం మీది గాలి లోపలికి వచ్చిన రోజు కాస్త నయం. పడమటి గాలి బలంగా ఉండి దాన్ని ఆపేసిన రోజు 40 డిగ్రీలు దాటడం మనకు వింత కాదు. ఈ తేడాను చూడాలంటే వాతావరణ వార్తలు అక్కరలేదు, హాలులో ఒక కలేథియా ఉంటే చాలు. పదకొండు గంటలకు దాని ఆకు అంచులు రెండు వైపుల నుంచీ లోపలికి మళ్ళడం మొదలవుతుంది, ఒంటిగంటకు ఆకు ఈనె చుట్టూ గొట్టంలా చుట్టుకొని ఊదారంగు అడుగు మాత్రమే పైకి కనిపిస్తుంది, తూర్పు గాలి తగిలి కర్టెన్లు లోపలి వైపుకు ఊగిన గంటకు అదే ఆకు మళ్ళీ పరుచుకుంటుంది. రాత్రిపూట అది ఆకులను పైకెత్తి మడుచుకోవడం వేరే సంగతి; ఆకు మొదట్లో ఉన్న చిన్న ఉబ్బు లోపలి నీటి ఒత్తిడిని మార్చుకొని రోజూ చేసే కదలిక అది. పగటిపూట చుట్టుకోవడం మాత్రం, వేరు అందించే నీటికన్నా ఆకు పోగొట్టుకునే నీరు ఎక్కువైందని చెప్పే గుర్తు.

సరిగ్గా ఇక్కడే మనలో చాలామంది చెంబు పట్టుకొని పరుగెత్తుతారు. మట్టి అప్పటికే తడిగా ఉంటే ఆ చెంబెడు నీళ్ళు మేలు చేయవు. విపరీతమైన వేడిలో మొక్క తన ఆకురంధ్రాలను మూసుకొని పని తగ్గించుకుంటుంది; వేడెక్కిన కుండీలో మగ్గుతున్న తడిమట్టిలో వేళ్ళకు గాలి అందదు; గాలి అందని వేరు కుళ్ళుతుంది; వేరు కుళ్ళిన మొక్క ఆకులు వాలుస్తుంది; వాలిన ఆకులను చూసి మనం మళ్ళీ నీళ్ళు పోస్తాం. కాబట్టి మే నెలలో వాలిన మొక్కకు ముందు నీడ, తరువాత గాలి మరుగు, ఆ పైన మట్టిలో వేలు పెట్టి చూసి అవసరమైతేనే నీళ్ళు. కృత్తిక, రోహిణి కార్తెల్లో ఎరువు జోలికి పోకూడదు. తాగే నీరు తక్కువై ఆరిపోయే నీరు ఎక్కువైన మట్టిలో ఎరువు ఉప్పుగా మిగిలి వేరును మాడుస్తుంది. మృగశిర దాటి గాలి కాస్త చల్లబడే వరకు కుండీ మార్చే ఆలోచన కూడా పెట్టుకోకూడదు.

ఏసీ గది ఈ కష్టానికి మందని కొందరి నమ్మకం. ఏసీ గాలిలోని తేమను పిండి బయటికి పారేస్తుంది, పైగా రాత్రి 24 డిగ్రీలలో ఉన్న గది పగలంతా తలుపులు మూసి ఉంటే 38 డిగ్రీలకు చేరుతుంది. రోజుకొకసారి ఈ ఎగుడుదిగుడు పడేకన్నా ఇంటి నడిమి హాలులో నిలకడైన వేడిలో ఉండడమే మొక్కకు మేలు. ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెట్టిన మొక్క ఆకు అడుగున సన్నటి గూడు, పొడి చల్లినట్టు చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. పొడిగాలి దానికి పండగ. ఆకుల అడుగులు తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది. నిమ్మతోటలున్న మన జిల్లాలో పిండినల్లి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

వెలుతురు విషయంలో మనం ఉన్న చోటే ఒక చిక్కు తెస్తుంది. ఉత్తరపు కిటికీలో ఎప్పటికీ ఎండ పడదని, అక్కడ నీడమొక్కలను నిశ్చింతగా పెట్టవచ్చని చలిదేశాలవారు రాస్తారు, వేసవి పొద్దున, సాయంత్రం పడే ఏటవాలు ఎండను పక్కన పెడితే వాళ్ళ ఊళ్ళకు అది నిజమే. నెల్లూరు భూమధ్యరేఖకు ఉత్తరాన 14 డిగ్రీల పైచిలుకు దూరంలో ఉంది. ఏప్రిల్ ఆఖరులో సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నం ఉత్తరం వైపే ఉంటాడు. ఒంగోలుకు ఈ తేదీలలో కొద్ది రోజులే తేడా. జూన్ నెలలోనైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడు ఆకాశపు ఉత్తర సగాన్ని విడిచి రాడు. అంటే మిగిలిన నెలలన్నీ నీడగా ఉన్న ఉత్తరపు కిటికీలో సరిగ్గా వేడి ముదిరిన నెలల్లోనే ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ పడుతుంది. పైన సజ్జా లేని కిటికీ అయితే అగ్లోనిమా ఆకు మీద కాగితం కాలినట్టు లేతగోధుమ మచ్చలు వస్తాయి, అవి తెగులని మందు కొడతాం. మన ఇళ్ళకు తూర్పు కిటికీని మించినది లేదు. పడమటి కిటికీకి ఎండ, గాలి రెండూ పగే.

వెలుతురు చాలకపోవడం దీనికి ఎదురు తప్పు, ఫ్లాట్లలో ఎక్కువగా జరిగేది కూడా ఇదే. మన కన్ను చీకటికి సర్దుకుంటుంది కాబట్టి బయట లక్ష లక్సుల ఎండ ఉన్నప్పుడు గది మూలన వంద లక్సులే ఉన్నా మనకు అది వెలుతురులాగే కనిపిస్తుంది. తెల్లకాగితం మీద అడుగు ఎత్తున చేయి చాపి చూస్తే చాలు: వేళ్ళ నీడ వేరువేరుగా కనిపిస్తే మంచి వెలుతురు, ముద్దగా కనిపిస్తే మధ్యరకం, నీడే లేకపోతే అక్కడ మొక్క చావకుండా ఉండడమే ఎక్కువ. “చీకట్లో కూడా పెరుగుద్ది సార్” అని బండి మీద అమ్మేవాళ్ళు జీజీని చూపించి చెబుతారు. పెరగదు, దుంపలో దాచుకున్నది తింటూ కూర్చుంటుంది. నెల్లూరులో వేదాయపాళెం వైపు పెరళ్ళలో కొబ్బరిచెట్టు ఎక్కిన మనీప్లాంట్‌ను చూడండి. అదే తీగ, చేటంత ఆకులు, అంచులు చీలి, పసుపు చారలతో వేలాడుతుంటాయి. సీసాలో పెట్టి టీవీ పక్కన ఉంచిన దాని ఆకు తమలపాకును మించదు, చారలు కూడా వెలిసి వట్టి పచ్చగా మారుతుంది. ఎక్కడానికి ఆధారం, వెలుతురు, ఈ రెండే తేడా. దొంగిలించి తెస్తేనే కలిసివస్తుందన్న నమ్మకం గురించి, మా ప్రహరీ మీద నుంచి వేలాడే తీగను నెలకోసారి ఎవరో తుంచుకుపోతుండగా, నేను ఏమీ మాట్లాడదలచుకోలేదు.

అన్నిటికన్నా పెద్ద విషయం నీళ్ళు. ఆకు కొస మాడితే గాలిలో తేమ చాలలేదని అందరూ ఒకే మాట చెబుతారు, నీళ్ళు చిలకరించే సీసా కొనిపిస్తారు. చిలకరించిన తేమ నిమిషాలలో ఆవిరైపోతుంది. బోరు నీళ్ళతో చిలకరిస్తే ఆకు మీద తెల్లచుక్కలు మాత్రం మిగులుతాయి. కొస మాడడానికి మన ప్రాంతంలో ఇంకొక బలమైన కారణం ఉంది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడి బృందం ప్రచురించిన తొలి వైద్య నివేదిక అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఈ మూడు ప్రాంతాలూ అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చని మన ప్రమాణం. మనుషుల పళ్ళకూ ఎముకలకూ అది చేసే హాని మనకు తెలుసు. మొక్కల సంగతి ఎవరూ పట్టించుకోరు.

డ్రసీనా, కార్డిలైన్, స్పైడర్ ప్లాంట్, కలేథియా వంటివి ఫ్లోరైడుకు బాగా సున్నితమైనవి. వేరు పీల్చిన నీటితో పాటు ఫ్లోరైడు ఆకులోకి ఎక్కుతుంది, నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడు ప్రవాహం ఆగే చోట, అంటే కొసలోనూ అంచుల్లోనూ పేరుకుంటుంది. బయటికి పంపే దారి మొక్కకు లేదు. అందుకే మాడు ఎప్పుడూ కొస నుంచే మొదలై, దాని వెనక సన్నని పసుపు గీతతో, నెలనెలా లోపలికి జరుగుతుంది. కత్తెరతో కొస కత్తిరిస్తే కత్తిరించిన చోటు నుంచే మళ్ళీ మొదలవుతుంది. పొలం ఉన్న ఇళ్ళలో సూపర్ ఫాస్ఫేటు గుప్పెడు తెచ్చి కుండీలో వేసే అలవాటు ఉంది. ఆ ఎరువు తయారయ్యే రాతి ఫాస్ఫేటులోనే ఫ్లోరైడు ఉంటుంది కాబట్టి ఈ మొక్కలకు అది విషం మీద విషం.

మా అక్క కనిగిరిలో ఉంటుంది. వాళ్ళ వరండాలో డ్రసీనా కుండీలకు ఫిల్టరు నుంచి వదిలే నీళ్ళు పట్టి పోసేవారు, నీళ్ళు వృథా కాకూడదని. ఆర్వో వదిలిన నీళ్ళను మొక్కలకు పోయమని అందరూ చెప్పేదే, పర్యావరణానికి మంచిదన్న పేరు కూడా ఉంది. లెక్క చూస్తే తెలుస్తుంది: నాలుగు లీటర్లలో ఒక లీటరు మంచినీరు తీసి మూడు లీటర్లు వదిలితే, నాలుగు లీటర్లలోని ఉప్పులు, ఫ్లోరైడు ఇంచుమించు అన్నీ ఆ మూడు లీటర్లలోకి చేరతాయి. సగానికి సగం వదిలే యంత్రమైతే గాఢత రెట్టింపు. వేప, కొబ్బరి, కానుగ వంటి నేలలో పాతుకున్న చెట్లు దాన్ని ఓర్చుకోవచ్చు, వానకు ఆ ఉప్పు కిందికి దిగిపోతుంది. వాన ఎరుగని ఇంటి కుండీలో అది ఎక్కడికీ పోదు. ఈ లెక్క నేను ఫోనులో చెబుతుండగానే మా అక్క అడ్డు తగిలి, “మనం తాగలేక పారబోసిన నీళ్ళు దానికి మాత్రం ఎట్టా సరిపడతయ్యే?” అంది. నా రెండు పేజీల వాదనను ఆమె ఒక్క వాక్యంలో ముగించింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన నన్ను ఎగతాళి చేస్తాడు గాని, అక్కడి నుంచి ఆ ఇంట్లో వదిలిన నీళ్ళు బాత్‌రూమ్ కడగడానికి పోతున్నాయి, డ్రసీనాల కొత్త ఆకులు కొసలతో సహా పచ్చగా వస్తున్నాయి. పాత ఆకుల మాడు అలాగే ఉంది, అది పోయేది కాదు.

మరి ఏ నీళ్ళు పోయాలి? నీటిని రాత్రంతా తెరిచి ఉంచితే క్లోరిన్ కొంత పోతుంది గాని ఫ్లోరైడు, ఉప్పు పోవు. కాచితే ఇంకా చిక్కబడతాయి. క్యాన్ నీళ్ళు పోయడం ఖర్చు. మన దగ్గర ఊరికే దొరికేవి రెండున్నాయి. ఒకటి ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు. అది గాలిలోని తేమ చల్లబడి పేరుకున్నది గనుక అందులో ఉప్పులు దాదాపు ఉండవు, సముద్రపు గాలి వీచే మన వేసవిలో రాత్రికి బకెట్టు నిండేంత దొరుకుతుంది. చాలా రోజుల తరువాత ఏసీ వేసినప్పుడు మొదట కారే నీటిలో దుమ్ము ఉంటుంది, దాన్ని వదిలేయాలి. రెండవది ఈశాన్య ఋతుపవనాల వాన. మిద్దె మీద నీరు పట్టే డ్రమ్ముకు దోమ దూరని మూత ఉండాలి, లేదంటే మొక్కను కాపాడబోయి ఇంటికి డెంగీని పిలిచినట్టు. వాన పడే రోజుల్లో కుండీలను బయట పెట్టి, అడుగు చిల్లు నుంచి నీరు ధారగా పోయేదాకా తడవనిస్తే ఏడాదిగా పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. కుండీ అంచున తెల్లగా పేరిన పొర చూసినవారికి ఈ స్నానం అవసరం అర్థమవుతుంది. ఈ రెండు నీళ్ళలోనూ పోషకాలు ఉండవు కాబట్టి పెరిగే నెలల్లో ఎరువును చెప్పిన మోతాదులో సగమో పావో కలిపి ఇవ్వాలి.

ముసురు కాలంలో ప్రమాదం ఇంకొకటి. మన ఊళ్ళకు వచ్చే మొక్కల్లో చాలావరకు కడియం వైపు నర్సరీల నుంచి బంకమట్టి ముద్దలతో వస్తాయి. వానకాలంలో ఆ ముద్ద వారం గడిచినా ఆరదు, వేసవిలో ఎండి కుండీ గోడను వదిలి గట్టిపడితే పోసిన నీరు పక్కనుంచి జారి పళ్ళెంలోకి దిగుతుంది, లోపల వేరు పొడిగానే ఉంటుంది. దానికి మందు మన దగ్గరే ఉంది. సగం కాలిన నల్ల ఊక రైసుమిల్లుల ఊళ్ళలో అడిగితే దొరుకుతుంది. మట్టిలో గాలి నిలపడానికి కొనుక్కొచ్చే పెర్లైటుకన్నా అది మేలు, ఎందుకంటే పెర్లైటులో కొంత ఫ్లోరైడు కూడా ఉంటుంది. తెల్లబడిన బూడిద మాత్రం వద్దు, క్షారం ఎక్కువ. ఎర్రమట్టి ఒక పాలు, రంగు వదిలేదాకా కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, నల్ల ఊక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపిన మట్టి నాకు చాలా ఏళ్ళుగా సరిపోతోంది. కొబ్బరిపొట్టును కడగకుండా వేస్తే అందులోని ఉప్పుతో పడ్డ శ్రమంతా మళ్ళీ మొదటికొస్తుంది.

గాలిని శుద్ధి చేస్తాయన్న మాట గురించి ఎక్కువ చెప్పను. ఆ మాటకు మూలమైన 1989 నాటి నాసా పరిశోధన మూసిన పెట్టెల్లో చేసింది. 2019లో పాత ప్రయోగాలన్నిటినీ తిరిగి లెక్కించినవారు, కిటికీ తెరిస్తే జరిగేంత మేలు జరగాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. కిటికీ తెరుచుకోవడమే చవక. ఆకులు మెరవడానికి పాలు, కొబ్బరినూనె పూయడం కూడా మానుకోవాలి, వాటికి దుమ్ము అంటుకుంటుంది.

ఇన్ని జాగ్రత్తలు పడేకన్నా మల్లె, తులసి, మరువం పెంచుకోవచ్చు కదా అని అడిగేవారున్నారు. పెరడున్నవారు తప్పక పెంచుకోవాలి. ఎండ పడని రెండు గదుల ఫ్లాటులో తులసి నెల నిలవదు, అక్కడ పచ్చగా ఉండగలిగేవి ఈ అడవి నీడమొక్కలే. అయితే అన్నీ అందరికీ కావు. ఫ్లోరైడు ఊళ్ళలో వాననీరో ఏసీ నీరో నమ్మకంగా లేనివారు డ్రసీనా, స్పైడర్ ప్లాంట్, కలేథియా కొనకపోవడమే మంచిది. మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, రబ్బరు మొక్క అంతగా బాధపడవు. కలేథియా మీద మోజు నెల్లూరులో కూడా డబ్బు దండగే అనుకుంటాను, నేనే హాలులో ఒకటి పెట్టుకున్నా సరే.

కొనడం కూడా మే నెల సెలవుల్లో, ప్రదర్శనల్లో కొంటున్నాం, అది మొక్కకు అన్నిటికన్నా చెడ్డ సమయం. అక్టోబరు చివర మొదటి పెద్దవాన పడ్డాక కొంటే వేసవి వచ్చేలోపు దానికి వేరు పట్టడానికి నాలుగైదు నెలలు దొరుకుతాయి. బండి దగ్గర ఆకుల నిగనిగను పక్కన పెట్టి కుండీని తిప్పి చూడాలి: అడుగున చిల్లు ఉండాలి, అందులోంచి కనిపించే వేరు తెల్లగానో లేతగోధుమ రంగులోనో గట్టిగా ఉండాలి, వాసన చూస్తే మురుగు వాసన రాకూడదు. తెచ్చిన రోజే కుండీ మార్చకుండా తూర్పు కిటికీకి రెండడుగుల దూరంలో రెండు వారాలు ఉంచి, కొత్త ఆకు మొన కనిపించాక బంకమట్టిని నీళ్ళలో నానబెట్టి వేళ్ళు తెగకుండా సగం వరకు వదిలించి, ఊక కలిపిన మట్టిలోకి మార్చాలి.